మంచిగున్న రోజే అడగాలి: ఓపీలో చివరి రోజుల మాట ఎలా ఎత్తాలి

ప్రశ్న: నల్లగొండ జిల్లాలో ఒక ప్రభుత్వాసుపత్రి ఓపీలో కొత్తగా చేరాను. రోజుకు నూరు, నూటిరవై మంది వస్తారు. వాళ్ళలో డయాలసిస్ వాళ్ళు, గుండె బలహీనపడినవాళ్ళు, దమ్ము వాళ్ళు చాలామందే ఉన్నారు. పరిస్థితి విషమిస్తే వెంటిలేటర్ కావాలా వద్దా, చివరి రోజుల్లో ఎక్కడ ఉండాలనుకుంటున్నారు అని ముందే అడిగి రాసిపెట్టాలని చదువుకున్నాం. కానీ ఇక్కడ ఆ మాట ఎత్తితే పేషంట్లు భయపడతారేమో, కొడుకులు గొడవకు వస్తారేమో అని టెన్షన్. ఉన్న రెండు నిమిషాల్లో ఇది కుదిరే పనేనా? చట్టం ఒప్పుకుంటుందా? అసలు దీనివల్ల లాభం ఉంటుందా?

జవాబు:

డాక్టరు గారూ, కుదురుతుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండు జిల్లాల్లో కలిపి 24 ఏళ్ళుగా జనరల్ మెడిసిన్ ఓపీ చూస్తున్నాను. అందులో సగం కాలం నేనూ ఈ మాట ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఎత్తకపోతే ఏమవుతుందో ఒక పెద్దాయన వల్ల తెలిసింది. ముందు అది చెబుతాను.

ఆయన మగ్గం నేసేవాడు. దమ్ము జబ్బు. ఆరేళ్ళు ప్రతి నెలా నా దగ్గరికి వచ్చాడు. ఇన్‌హేలర్ ఎలా పీలుస్తున్నారో చూపించండి అంటే బడిపిల్లాడిలా నిటారుగా కూర్చుని చూపించేవాడు. ఒక చలికాలం రాత్రి ఆయాసం ఎక్కువైతే కొడుకులు హైదరాబాద్‌లో ఒక పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. 11 రోజులు వెంటిలేటర్. ఎకరంన్నర భూమి అమ్మారు. ఇక లాభం లేదని తేలాక, డాక్టర్లు వద్దన్నా మా ఇష్టంతోనే తీసుకుపోతున్నాం అని రాసి ఉన్న కాగితం మీద సంతకం పెట్టించుకుని అంబులెన్స్ ఎక్కించారు. గొంతులో గొట్టం అలాగే ఉంది. చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, దారి పొడవునా అంబులెన్స్ కుర్రాడు చేత్తో బ్యాగు నొక్కుతూనే వచ్చాడు. బయట ప్రాణం పోతే శవాన్ని ఇంట్లోకి తీసుకురావద్దని మా వైపు పట్టింపు. అందుకని పెద్దకొడుకు "గడప దాటేదాక ఆపకు తమ్మీ" అని బతిమాలుతూ కూర్చున్నాడు. ఇంట్లో మంచం మీద పడుకోబెట్టాక గొట్టం తీశారు. ఆ తర్వాత ఆ మనిషి పడ్డ ఆయాసానికి ఇవ్వడానికి ఇంట్లో ఒక్క మందు కూడా లేదు.

దినాలు అయిపోయాక ఆ కొడుకు మిగిలిన మందులు ఎవరికన్నా పనికొస్తాయని సంచిలో పెట్టుకుని తెచ్చాడు. వెళ్ళబోతూ, "సారూ, నాయన మీతోటి ఏమన్న చెప్పిండా, ఆఖరుకు ఏం జెయ్యాల్నో?" అని అడిగాడు. నన్ను నిలదీయాలని కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. ఆయన ఆరేళ్ళ ఊపిరితిత్తుల కొలతలన్నీ నా దగ్గర ఉన్నాయి. ఆ ప్రశ్నకు జవాబు లేదు. 70 సార్లు ఎదురెదురుగా కూర్చున్నాం, ఒక్కసారి కూడా అడగలేదు.

ఐసీయూ బయట బెంచీ మీద అడిగితే ఆ జవాబు ఎవరూ చెప్పలేరు. పేషంట్ మాట్లాడలేడు. కొడుకులకు నిద్ర లేదు, చుట్టాల ఫోన్లు, చేతిలో బిల్లు. "వద్దు" అంటే నాయనను చంపుకున్నాడని ఊళ్ళో అంటారు. అందుకే "అన్నీ చెయ్యండి" అంటారు. మనిషి తన కాళ్ళమీద నడిచి వచ్చి, తన నోటితో మాట్లాడగలిగేది మన ఓపీలోనే. ఈ పని జరగాల్సింది ఇక్కడే అని నేను గట్టిగా అనేది అందుకే.

ఇక ఎలా ఎత్తాలి. పుస్తకాల్లో వెంటిలేటర్, ఛాతీ నొక్కడం, ముక్కు గొట్టం అని మొదలవుతుంది. ఓపీలో అక్కడి నుంచి మొదలుపెట్టకండి. నేను మొదట్లో అలాగే చేశాను. గుండె జబ్బున్న ఒక పెద్దావిడతో "పరిస్థితి చెయ్యి దాటిపోతే..." అని మొదలుపెట్టగానే ఆవిడ కొంగు సర్దుకుని లేచింది. మళ్ళీ రాలేదు. ఈ డాక్టరు ఆశ వదిలేసుకున్నాడని ఇంట్లో చెప్పిందట. ఆవిడకు మందులు కూడా ఆగిపోయాయేమో అని చాలా రోజులు బాధపడ్డాను.

ఇప్పుడు నేను మొదట అడిగేది ఒక్కటే ప్రశ్న, అందులో చావు మాట ఉండదు. "అవ్వా, ఎప్పుడన్నా జ్వరమొచ్చో, షుగర్ పడిపోయో నువ్వు మాట్లాడలేకుండ ఉన్నవనుకో, మేం ఎవరి మాట వినాలె?" ఏం కావాలో తర్వాత సంగతి. ముందు ఎవరు. దీనికి భయపడినవాళ్ళు నాకు దాదాపు తగల్లేదు. వెంటనే జవాబు చెబుతారు, ఆ జవాబు చాలాసార్లు మనం అనుకున్నది కాదు. నలుగురు పిల్లలున్న ఒకావిడ, ప్రతిసారీ పెద్దకొడుకు బండి మీదే వచ్చేది, ఆయనే సంతకాలు పెట్టేవాడు. ఆవిడను ఈ ప్రశ్న అడిగితే ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, "నా చిన్నబిడ్డ. పెద్దోడు మంచోడే గని ఆగమైతడు. చిన్నది గట్టిది, ఏడ్వదు" అన్నది. ఆ చిన్నబిడ్డ మిర్యాలగూడలో ఉంటుంది, అప్పటిదాకా మా ఆసుపత్రి గడప ఒక్కసారి కూడా తొక్కలేదు. అడగకపోయి ఉంటే రేపు ఆ మాట చెప్పాల్సింది ఆమె అని మాకు ఎలా తెలిసేది?

ఈ ప్రశ్న మీరే అడగక్కర్లేదు. బీపీ చూసే బల్ల దగ్గర సిస్టర్ అడగవచ్చు. బీపీ చూడటం అయ్యాక పట్టీ విప్పేటప్పుడు పేషంట్ ఇంకా అక్కడే కూర్చుని ఉంటాడు, సిస్టర్ పక్కనే ఉంటుంది, డాక్టరు ముందు ఉండే బెరుకు ఉండదు. మా సిస్టర్లు ఓపీ పుస్తకం మొదటి పేజీ పైన పేరు, వరుస, ఫోన్ నంబర్ రాస్తారు. 60 దాటిన అందరికీ ఇది చేయండి. అర నిమిషం పని.

మిగతా మాటలు అందరికీ అక్కర్లేదు. బీపీ, షుగర్ మామూలుగా ఉన్న మనిషిని కూర్చోబెట్టి ఐసీయూ గురించి అడగడం అనవసరం. డాక్టర్లు వాడే ఒక పాత ప్రశ్న ఉంది: ఈ మనిషి వచ్చే ఏడాదిలోపు చనిపోయాడని వింటే నేను ఆశ్చర్యపోతానా? "ఆశ్చర్యపోను" అని మీ మనసు చెబితే ఆ పుస్తకం మీద చిన్న గుర్తు పెట్టుకోండి. ఏడాదిలో రెండుసార్లు గుండె ఆయాసంతో అడ్మిట్ అయినవాళ్ళు, ఇంట్లో ఆక్సిజన్ మిషన్ పెట్టుకున్న దమ్ము వాళ్ళు, కడుపులో నీరు మాటిమాటికీ తీయించుకునే లివర్ పేషంట్లు, పాకిపోయిన క్యాన్సర్, వయసు మళ్ళాక డయాలసిస్ మొదలుపెట్టినవాళ్ళు ఇందులోకి వస్తారు. మతిమరుపు జబ్బు మొదలైనవాళ్ళను మాత్రం అందరికన్నా ముందు అడగండి. వాళ్ళ దగ్గర ఆలస్యం చేస్తే అడగడానికి మనిషి ఉన్నా చెప్పడానికి మాట ఉండదు.

ఎప్పుడు అడగాలంటే, చెడ్డ రిపోర్టు వచ్చిన రోజు వద్దు. ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అయి రెండు వారాల తర్వాత చూపించుకోవడానికి వచ్చిన రోజు అన్నిటికన్నా మంచిది. ఐసీయూలో ఏం జరిగిందో ఒంటికి గుర్తుంటుంది, ఇప్పుడు ప్రాణం కుదుటపడి ఉంటుంది. "అక్కడ ఎట్లుండె పెద్దయ్యా? మళ్ళ గట్లాంటిదే వస్తే మళ్ళ పోతవా?" అంటే చాలు. "పోత సారూ, మనవరాలి లగ్గం చూడాలె" అన్నవాళ్ళు ఉన్నారు. అదీ రాయాలి. ఇది వైద్యం ఆపించే కార్యక్రమం అని మనలోనే కొందరు అనుకుంటారు. అన్నీ చేయమన్న మనిషి మాట కూడా అంతే శ్రద్ధగా రాసినప్పుడే ఇది నిజాయితీగా చేసినట్టు.

కొడుకుల సంగతి. "నాన్నకు చెప్పొద్దు సార్" అని పేషంట్ వెనక నిలబడి చేతులతో సైగ చేస్తారు. వాళ్ళ మీద కోపం తెచ్చుకోకండి, అది ప్రేమే. మహబూబ్‌నగర్‌లో ఉన్నప్పుడు ఒక సీనియర్ సిస్టర్ దగ్గర నేర్చుకున్న ఉపాయం చెబుతాను. మాట్లాడాల్సిన రోజు వెంట వచ్చినవాళ్ళను మందుల కిటికీ దగ్గరికి పంపండి. అక్కడ లైను ఎలాగూ పావుగంట. అప్పుడు పేషంట్‌ను అడగండి: "నీ జబ్బు సంగతి నీకే చెప్పమంటవా, నీ కొడుక్కు చెప్తే సాలా?" కొందరు "వానికే చెప్పుండ్రి, నాకెందుకు" అంటారు. అది కూడా ఆయన తీసుకున్న నిర్ణయమే, తేదీ వేసి రాయండి. కొందరు గొంతు తగ్గించి, "నాకు ఎర్కనే సారూ, వానికి చెప్పకుండ్రి, భయపడతడు" అంటారు. తండ్రికి తెలియదని కొడుకు, కొడుక్కు తెలియదని తండ్రి, ఇద్దరూ నెలల తరబడి ఒకే ఆటోలో వచ్చిపోతుంటారు. కొడుకు మందులతో తిరిగొచ్చాక ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి, "మీ నాయన మీకొక మాట చెప్తడట, వినుండ్రి" అని మీరు పక్కకు తప్పుకోండి. అక్కడ మీ మెడిసిన్ అవసరం లేదు.

ఒంటరిగా మాట్లాడటానికి ఇంకో కారణం కూడా ఉంది. పేషంట్ "నాకేం వద్దు, ఇంటికి తోల్కపోండ్రి" అంటే వెంటనే రాసేయకండి. ఆ "వద్దు" వెనక అప్పు భయం ఉందేమో చూడండి. నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చి వైద్యం చేయించుకున్న ఇళ్ళు మన పల్లెల్లో ఎన్ని లేవు? నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఇది: "పైసల సంగతి ఇడిసిపెట్టు. పైసలు కట్టేది లేకపోతే ఏం చెయ్యమంటవ్?" డయాలసిస్ ఇక చాలన్న ఒకాయన ఈ ప్రశ్నకు కళ్ళనీళ్ళు పెట్టుకుని, "బతకాల్నని ఉండదా సారూ" అన్నాడు. వారానికి మూడుసార్లు ఆటో కిరాయి, వెంట వచ్చిన భార్యకు పోయే కూలీ, ఆయన లెక్క అది. ఆరోగ్యశ్రీలో డయాలసిస్‌కు డబ్బు కట్టక్కర్లేదు, 2023 డిసెంబర్‌లో ఆ పథకం పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు కూడా. కానీ ఆటో కిరాయి ఎవరిస్తారు? ఆయనకు ఇంటికి దగ్గరి సెంటర్‌కు మార్పించడం, పింఛను దరఖాస్తు పెట్టించడం మా సిస్టర్లే చూశారు. ముందు తీర్చగల కష్టం తీర్చి, అప్పుడు అడగండి. పేదరికాన్ని పేషంట్ కోరికగా రాసుకుంటే అది మన చేతులతో మనం చేసిన అన్యాయం.

మన దగ్గర జనం నిజంగా ఏం కోరుకుంటారో వింటే పుస్తకంలోని ఫారాలు చిన్నవనిపిస్తాయి. మెషీన్ల పేర్లు వాళ్ళకు ముఖ్యం కాదు. ప్రాణం పోయేటప్పుడు కింద చాప మీద ఉండాలని, నోట్లో తులసి తీర్థం పోయాలని, బొంబాయి నుంచి కొడుకు వచ్చేదాకా ఎలాగైనా నిలపాలని అడుగుతారు. ఒక ముస్లిం పెద్దాయన, ఊపిరితిత్తుల క్యాన్సర్, నన్ను అడిగింది ఒక్కటే: నొప్పి మందు ఇవ్వండి కానీ పూర్తి మత్తులో ఉంచకండి, కలిమా చదువుకునేంత తెలివి ఉండాలి. ఆ ఒక్క వాక్యం ఓపీ పుస్తకంలో ఉండటం వల్ల చివరి వారంలో మందు మోతాదు ఎంత ఉంచాలో మాకు స్పష్టంగా తెలిసింది.

"ఇంట్లోనే" అన్నవాళ్ళను ఏ ఇల్లు అని అడగడం మరిచిపోవద్దు. కొత్తగా వచ్చిన డాక్టర్లకు ఇది తట్టదు. నల్లగొండలోనో ఎల్బీనగర్‌లోనో కొడుకు కిరాయికి ఉంటాడు. కిరాయి ఇంట్లో ప్రాణం పోవడానికి చాలామంది ఓనర్లు ఒప్పుకోరు. చివరి గంటల్లో ఈ సంగతి బయటపడి, మనిషిని కారులో పెట్టుకుని ఎటు పోవాలో తెలియక తిరిగిన కుటుంబాలను చూశాను. ఊళ్ళో సొంతిల్లు ఉందా, తాళం ఎవరి దగ్గర ఉంది, కరెంటు ఉందా, మంచం వేసే జాగా ఉందా, పక్కింట్లో తోడు ఎవరు ఉంటారు. ఇవన్నీ ఓపీలో మాట్లాడుకోవాల్సిన వైద్య విషయాలే.

పాలమూరు వైపు నుంచి వచ్చేవాళ్ళ విషయంలో మరొకటి. నిర్ణయం చెప్పే కొడుకు పుణెలోనో భీవండిలోనో పనిమీద ఉంటాడు. ఫోన్‌లో ఈ మాటలు కుదరవు. దసరాకో, ఉగాదికో, పీర్ల పండుగకో ఇంటికి వస్తాడు కదా, తర్వాతి తేదీ పండుగ మరుసటి రెండు రోజుల్లో పడేలా ఇవ్వండి. "ఈసారి కొడుకును తోల్కరా" అంటే చాలు. నేను పండుగల క్యాలెండర్ చూసే ఆ తేదీలు రాస్తాను.

ఇప్పుడు రాత సంగతి. ఒక హెచ్చరిక: పేషంట్ ఇంటివాళ్ళ ముందు "విల్లు", "వీలునామా" అనే మాటలు నోట రానివ్వకండి. లివింగ్ విల్ (చివరి దశలో ఏ వైద్యం కావాలో, వద్దో ముందే రాసుకునే పత్రం) అని మనం అంటే వాళ్ళకు వినిపించేది భూమి. ఒక ఇంట్లో అక్కాచెల్లెళ్ళు ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చి, అన్న నాయనతో ఏం రాయించుకుంటున్నాడని గొడవ పెట్టుకున్నారు. వేలిముద్ర అన్నా అంతే, పట్టా పాసుపుస్తకం గుర్తొస్తుంది. నేను "వైద్యం గురించి మీ మాట రాసిపెట్టుకుందాం" అంటాను. రాసింది బిగ్గరగా చదివి వినిపిస్తాను, ఇందులో ఆస్తి ముచ్చట ఒక్కటి కూడా లేదని అందరి ముందూ చెబుతాను.

ఓపీ పుస్తకంలో రాసేది మూడు నాలుగు వాక్యాలు, తెలుగులో, ఇంటివాళ్ళు చదవగలిగేటట్టు. ఇందాక చిన్నబిడ్డ పేరు చెప్పిన ఆవిడ పుస్తకంలో రాసింది ఇది: "పేషంట్ పూర్తి తెలివితో చెప్పిన మాట. తాను మాట్లాడలేనప్పుడు చిన్న కూతురి మాట వినాలి. కోలుకునే అవకాశం ఉందంటే ఐసీయూకు ఒప్పుకుంటుంది, వారం రోజులు చూడాలి. అప్పటికీ కోలుకోదని డాక్టర్లు తేలిస్తే మిషన్ మీద ఉంచొద్దు, ఊళ్ళో సొంతింటికి తీసుకుపోవాలి. నొప్పికి, ఆయాసానికి మందు ఎప్పుడూ ఆపొద్దు. ఈ మాటలు చెప్పినప్పుడు పెద్దకొడుకు, చిన్న కూతురు పక్కనే ఉన్నారు." కింద తేదీ, నా సంతకం. ఇదంతా ఒక్క రోజులో రాలేదు. నాలుగు నెలలు, నాలుగుసార్లు చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఒక్కో వాక్యం. మీరు అడిగిన రెండు నిమిషాల సమస్యకు నా జవాబు ఇదే. ఒక్క నెలలో 20 నిమిషాలు మీకు దొరకవు, కానీ పది నెలల్లో దొరుకుతాయి. ఈ పేషంట్లు నెలనెలా వచ్చేవాళ్ళే కదా.

చట్టం ఒప్పుకుంటుంది. 2018 మార్చి 9న కామన్ కాజ్ అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, గౌరవంగా చనిపోవడం కూడా 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. కోలుకునే ఆశ లేని దశలో తనకు ఏ చికిత్స వద్దో మనిషి ముందే రాసిపెట్టుకోవచ్చని అనుమతించింది. అప్పట్లో ఆ కాగితం మీద జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ సంతకం కావాలన్నారు, పల్లెటూరి మనిషికి అది అయ్యే పని కాదు. 2023 జనవరి 24న మరో రాజ్యాంగ ధర్మాసనం దాన్ని సులువు చేసింది. 18 నిండినవాళ్ళు, తెలివిలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా, ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి, నోటరీతోనో గెజిటెడ్ అధికారితోనో ధ్రువీకరించుకుంటే చాలు. హైస్కూల్ గెజిటెడ్ హెడ్మాస్టర్ సంతకమైనా సరిపోతుంది. సాక్షులు బయటివాళ్ళయితే మంచిది. వైద్యం చేస్తున్న మనం సాక్షి సంతకం పెట్టకపోవడమే మేలని నా అభిప్రాయం. తన తరఫున మాట్లాడేవాళ్ళుగా ఒకరికన్నా ఎక్కువమంది పేర్లు రాయవచ్చు, కూతురి పేరు రాయడానికి ఏ అడ్డూ లేదు. మనసు మారితే మార్చి రాసుకోవచ్చు.

కాగితం ఉంది కదా అని ఎవరూ వెంటనే మిషన్ ఆపేయరు, ఆపకూడదు కూడా. ఆసుపత్రిలో చికిత్స చేస్తున్న డాక్టరుతో పాటు అయిదేళ్ళ అనుభవం ఉన్న మరో ఇద్దరు నిపుణులు ఒక బోర్డుగా చూడాలి. తర్వాత జిల్లా వైద్యాధికారి సూచించిన డాక్టరు ఉన్న రెండో బోర్డు చూడాలి. ఒక్కో బోర్డు వీలైతే 48 గంటల్లో తేల్చాలి, అమలుకు ముందు మేజిస్ట్రేట్‌కు తెలియజేయాలి. ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీయడం మాత్రం మన దేశంలో నేరమే, దీనికీ దానికీ సంబంధం లేదు. ఓపీ పుస్తకంలో మనం రాసే నాలుగు వాక్యాలు ఈ చట్టబద్ధమైన పత్రం కావు, ఆ తేడా పేషంట్‌కు చెప్పాలి. కానీ నా అనుభవంలో కుటుంబానికి దారి చూపించేది ఆ నాలుగు వాక్యాలే. పట్టుదలగా అడిగినవాళ్ళకు, ఇంట్లో గొడవలు ఉన్నవాళ్ళకు నోటరీ దాకా వెళ్ళమని చెబుతాను.

లాభం ఉందా అన్నారు. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఒక ఆసుపత్రిలో చేసిన పరిశోధన ఒకటి ఉంది, 2010లో అచ్చయింది. 80 ఏళ్ళు, ఆ పైబడిన 309 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుతో మాత్రమే శిక్షణ పొందినవాళ్ళు ఇలా ముందుగా మాట్లాడారు. ఆరు నెలల్లో చనిపోయినవాళ్ళను చూస్తే, మాట్లాడిన గుంపులో 86 శాతం మంది కోరికలు తెలిశాయి, అవి జరిగాయి. మాట్లాడని గుంపులో 30 శాతం. చనిపోయినవాళ్ళ ఇంటివాళ్ళలో దిగులు, ఆందోళన కూడా మాట్లాడిన గుంపులోనే తక్కువ. అయితే ఉత్త ఫారాలు నింపించి దాచిపెడితే చివర్లో పెద్ద తేడా రాదని చెప్పే పరిశోధనలూ ఉన్నాయి, వాటినీ నేను నమ్ముతాను. ఫారం నింపిన లెక్క కోసం ఈ పని చేస్తే పేషంట్‌కు ఒరిగేది ఏమీ ఉండదు.

చివరిగా, చాలామంది వదిలేసే భాగం. "ఆసుపత్రికి వద్దు, ఇంట్లోనే" అని రాసుకున్న మనిషికి రాత్రి రెండింటికి ఆయాసం వస్తే ఇంటివాళ్ళు ఏం చేయాలి? ఏం చేయాలో చెప్పకపోతే భయంతో 108కి ఫోన్ చేస్తారు, రాసుకున్న మాట ఆ రాత్రే గాలికి పోతుంది. ఇంట్లో మందు ఉండాలి. తక్కువ మోతాదు మార్ఫిన్ నొప్పికే కాదు, చివరి రోజుల ఆయాసానికి కూడా వాడతారు. 2014లో మత్తుమందుల నియంత్రణ చట్టాన్ని (ఎన్‌డీపీఎస్) సవరించాక గుర్తింపు తెచ్చుకున్న ఆసుపత్రులు దాన్ని తేలిగ్గానే పెట్టుకోవచ్చు. మీ జిల్లా ఆసుపత్రిలో నొప్పి, బాధ తగ్గించే పాలియేటివ్ కేర్ విభాగాన్ని ఇప్పుడే పరిచయం చేసుకోండి. ఇంటికే వెళ్ళి చూసే ఆలన బండి ఏ మండలాలకు ఏ రోజు పోతుందో కనుక్కోండి, ఆ సిస్టర్ నంబర్ మీ బల్ల అద్దం కింద పెట్టుకోండి. ఊరి ఆశ కార్యకర్తకు విషయం తెలియాలి. ఆర్ఎంపీకి కూడా తెలియాలి, దీనికి మీకు ఇబ్బందిగా ఉండవచ్చు. కానీ రాత్రి మొదట తలుపు కొట్టేది ఆయనదే. "హైదరాబాద్ ఎక్కించుండ్రి" అనే మాట ఆయన నోటి నుంచి వస్తే ఆ ఇంట్లో కాదనేవాళ్ళు ఉండరు. పేషంట్ ఒప్పుకుంటే నేనే ఆయనకు ఫోన్ చేసి చెబుతాను. చాలామంది గౌరవంగా విన్నారు.

రాసిన కాగితం ఎక్కడ ఉండాలో కూడా చెప్పండి. సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఒక కాపీ పంచాయతీ లేదా మునిసిపాలిటీ అధికారికి ఇవ్వవచ్చు, డిజిటల్ ఆరోగ్య రికార్డులో పెట్టవచ్చు. ఇచ్చినా సరే, ఇంకో మూడు కాపీలు తీయించండి. ఒకటి మాట్లాడాల్సిన మనిషి దగ్గర, ఒకటి మన దగ్గర, ఒకటి పేషంట్ సంచిలో. మన పేషంట్లు రిపోర్టులన్నీ బట్టల దుకాణం సంచిలో పెట్టుకుని వస్తారు, ఎక్స్‌రేలు, ఈసీజీలు, ఎప్పటివో మందుల చీటీలు, అన్నీ కలిసి. ఎమర్జెన్సీలో డ్యూటీ డాక్టరు ఆ సంచి బోర్లించి వెతికే ఓపిక ఉండదు. అందుకని మా సిస్టర్లు ఈ కాగితాన్ని పసుపు రంగు కవర్లో పెట్టి, అన్నిటికన్నా ముందు ఉంచి రబ్బరు బ్యాండు వేస్తారు. కవరు మీద స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాల్లో రెండే రాస్తారు, మాట్లాడాల్సిన మనిషి పేరు, ఫోన్ నంబర్. ఆ నంబర్ మారిందేమో నెలనెలా బీపీ బల్ల దగ్గరే అడుగుతారు.